కుర్చీ కదలని విమానం

కంప్యూటర్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్కించుకున్న మొదటిరోజు దాదాపు అందరూ చేసే పనే నేనూ చేశాను. ఉన్నవాటిలో పెద్ద జెట్‌ను ఎంచుకుని, శంషాబాద్ రన్‌వే మీద నిలబెట్టి, ఇంజన్లు ఎలా స్టార్ట్ చేయాలో తెలియక అరగంటసేపు కనబడ్డ స్విచ్చల్లా నొక్కాను. చివరికి లేచింది. నిమిషం తిరక్కుండానే పడింది. కాబట్టి ముందుగా చెప్పేదేమంటే, ఎయిర్‌బస్‌ల జోలికి ఇప్పుడే వెళ్లకండి. సెస్నా 172 తీసుకోండి. ఒకటే ఇంజన్, నాలుగు సీట్లు. తప్పు చేసినా దిద్దుకునేంత టైమ్ ఇస్తుంది.

సాఫ్ట్‌వేర్ గురించి పెద్ద చర్చ అక్కర్లేదు. ఫ్లైట్‌గేర్ ఉచితం. మైక్రోసాఫ్ట్ వాళ్లదీ, ఎక్స్-ప్లేన్‌దీ కొనుక్కోవాలి. జాయ్‌స్టిక్ మాత్రం ఉండాల్సిందే. విమానాన్ని నడపడానికి కావలసింది పిసరంత కదలిక, కీబోర్డు మీటకేమో నొక్కడం, వదలడం తప్ప మరొకటి తెలియదు. పిడిని మెలితిప్పితే రడ్డర్, అంటే ముక్కును పక్కలకు తిప్పే తోక మీది నిలువు పలక, తిరిగే రకం జాయ్‌స్టిక్ అయితే చాలు.

అసలు చిక్కు వేరే ఉంది. నిజం విమానంలో ముక్కు కాస్త లేస్తే ఆ సంగతి కళ్లకంటే ముందు ఒంటికి తెలుస్తుంది. సీటు కింద నుంచి నెట్టినట్టు, చేతిలో పిడి బరువెక్కినట్టు ఉంటుంది. ఇంట్లో మన కుర్చీ కదలదు. తెర మీద తేడా కనబడేసరికి ఆలస్యమైపోతుంది. కంగారుపడి పిడిని ఎక్కువగా తోస్తాం, విమానం కిందికి దూకుతుంది, మళ్లీ లాగుతాం. అలా ఎగుడుదిగుడుగా పోతూ పోతూ నేలకు కొడతాం.

ఈ లోటు తీర్చాలని మొట్టమొదట గట్టిగా ప్రయత్నించినవాళ్లలో అమెరికావాడు ఎడ్విన్ లింక్ ఒకడు. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్‌లో వాళ్ల నాన్నకు పియానోలు, ఆర్గన్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. ఆర్గన్‌కు గాలి అందించే తిత్తులనే తెచ్చి, బొమ్మలాంటి పొట్టి విమానం కింద అమర్చాడు. పిడి కదిపితే తిత్తులు ఉబ్బి, ముడుచుకుని, లోపలి మనిషిని వంచేవి. మొదట్లో దాన్ని వినోదపు పార్కులవాళ్లు కొన్నారు. 1934లో టపా మోసే పని సైన్యం మీద పడి, చెడు వాతావరణంలో పైలట్లు వరసగా చనిపోయాక, సైన్యం ఆరు యంత్రాలు కొంది.

మనకు తిత్తులు లేవు. కానీ విమానం తన స్వభావం కొద్దీ చేసే మేలొకటి ఉంది. విమానం బరువు కేంద్రం, రెక్కలు పైకెత్తే బలం పనిచేసే చోటుకు కాస్త ముందుంటుంది. అందుకే ముక్కు కిందికి వాలాలని చూస్తుంది, తోక మీది గాలి తోకను కిందికి నొక్కి ముక్కును సరిచేస్తుంటుంది. వేగం తగ్గిందనుకోండి, తోక నొక్కుడూ తగ్గుతుంది, ముక్కు వాలుతుంది, వాలగానే వేగం మళ్లీ పుంజుకుంటుంది. అంటే మనం వదిలేస్తే తన వేగం తనే చూసుకుంటుంది. ఏ వేగమో చెప్పడానికే ట్రిమ్ చక్రం.

దీన్ని చేసి చూడాలి. బేగంపేట నుంచి లేవండి. 2008లో ప్రయాణికుల విమానాలు శంషాబాద్ వెళ్లిపోయినా రన్‌వే అక్కడే ఉంది. ఆగి ఉన్నప్పుడే ఎత్తు చూపే డయల్ 1,740 అడుగుల దగ్గర ఉంటుంది. కంగారొద్దు, అది సముద్రమట్టం నుంచి లెక్క. ఇంజన్ జోరు పెంచే మీట థ్రాటిల్. దాన్ని పూర్తిగా తోస్తే ముక్కు ఎడమకు లాగుతుంది. ప్రొపెల్లర్ సుడిగాలి తోకను ఎడమవైపు నుంచి కొట్టడం దానికో కారణం, కాబట్టి కుడి రడ్డర్ కాస్త ఇవ్వాలి. 55 నాట్ల వేగం (గంటకు దాదాపు 102 కిలోమీటర్లు) దగ్గర పిడిని మెల్లగా లాగండి. తూర్పుకు లేస్తే హుస్సేన్ సాగర్ మీ కుడిచేతి వైపు వస్తుంది.

పైకెళ్లాక 90 నాట్ల దగ్గర, అంటే గంటకు 167 కిలోమీటర్ల వేగంలో, సమంగా ఎగిరేలా ట్రిమ్ చేసి పిడి వదిలేయండి. ఇప్పుడు థ్రాటిల్ పెంచండి. కారయితే వేగం పెరిగేది. ఇక్కడ ముక్కు లేస్తుంది, వాలుతుంది, మళ్లీ లేస్తుంది. రెక్కలు ఒరిగితే సరిచేయండి గానీ ముక్కు జోలికి మాత్రం పోవద్దు. ఊగీ ఊగీ చివరికి దాదాపు అదే వేగంలో, కానీ పైకెక్కుతూ కుదుటపడుతుంది. ఆ ఊపును ఫ్యూగాయిడ్ అంటారు. పేరు పెట్టిన లాంచెస్టర్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు ‘ఎగరడం’ అనుకుని తీసుకున్న గ్రీకు మాటకు అసలు అర్థం ‘పారిపోవడం’. ఇంగ్లిష్‌లో రెండింటికీ ఫ్లైట్ అనే అంటారు కదా, అక్కడ పప్పులో కాలేశాడు.

ఈ ఒక్క ప్రయోగం నాలుగైదుసార్లు చేసినవాడికి దిగడం సగం వచ్చినట్టే. వేగం ట్రిమ్‌తో 65 నాట్లకు, దిగే తీరు థ్రాటిల్‌తో. నాట్ల వేగాన్ని 5తో గుణించండి. నిమిషానికి 325 అడుగుల చొప్పున దిగితే మామూలు 3 డిగ్రీల వాలు వస్తుంది. మిగతా సగం, అంటే చివరి ఇరవై అడుగులు, ఇంట్లో నిజంగానే కష్టం. పైలట్ చూపు రన్‌వే ఆ చివర ఉంటుంది, నేల దగ్గరవుతున్న సంగతి కంటి పక్కల నుంచి తెలుస్తుంది. మన తెరకు ఆ పక్కలే లేవు. నా ల్యాండింగులు చాలాకాలం బంతి ఎగిరినట్టే ఉండేవి.

సిమ్యులేటర్ అలవాటుతో వచ్చిన విద్యార్థులు బయటికి చూడరు, డయళ్లకే అతుక్కుపోతారని ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ల ఫిర్యాదు. కొందరు ఆ డయళ్లను కాగితంతో మూసేస్తారు. ఇంట్లో ఈ పని ఇంకా తేలిక. పాత పేపరు చింపి తెర కింది సగానికి అంటించండి. దిగంతం గీత, ఇంజన్ చప్పుడు, ఈ రెండే పెట్టుకుని బేగంపేట చుట్టూ ఒక చుట్టు తిరిగి చూడండి.