గేమ్ కంట్రోలర్‌కు ఏ సెల్లు వేయాలి?

సోనీ ప్లేస్టేషన్ 5 కంట్రోలర్ డ్యూయల్‌సెన్స్‌లోనూ నింటెండో స్విచ్ ప్రో కంట్రోలర్‌లోనూ బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది. కేబుల్ తగిలించి చార్జింగ్ పెట్టడం తప్ప మనం ఎంచుకునేదేమీ ఉండదు. మైక్రోసాఫ్ట్ మాత్రం 2005లో ఎక్స్‌బాక్స్ 360తో మొదలుపెట్టిన పద్ధతిని తన మామూలు కంట్రోలర్లలో ఇప్పటికీ వదల్లేదు. వెనక మూత తీసి రెండు పెన్సిల్ సెల్లు, అంటే డబుల్ ఏ సెల్లు వేసుకోవాలి. ఈ రోజుల్లో ఇదేం పిసినారితనం అని వెక్కిరించేవాళ్లున్నారు. నాకైతే ఇదే నయమనిపిస్తుంది. లోపలి బ్యాటరీ నీరసపడితే స్క్రూలు విప్పి కంట్రోలర్‌ను తెరవాలి. ఇక్కడ సెల్లు మారిస్తే సరిపోతుంది. కాకపోతే ఏ సెల్లు వేయాలో తెలియాలి.

కొనేటప్పుడు అందరి చూపూ ముందు ప్యాకెట్ మీద కెపాసిటీని ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్ అవర్లు)లో చెప్పే పెద్ద అంకె మీదే పడుతుంది. 2000 ఎంఏహెచ్, 2500, 2800, ఒక్కోసారి 4000 పైన కూడా. డబుల్ ఏ సైజు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్‌లో, అంటే మామూలు రీచార్జబుల్ సెల్‌లో, 2800 దాటించడమే గగనం. కాబట్టి ఆ పైన ఏ అంకె కనిపించినా ప్యాకెట్ కింద పెట్టేయొచ్చు. అసలు ప్రశ్న వేరే ఉంది. కంట్రోలర్‌కు అంత కెపాసిటీ అవసరమా?

ఒకసారి వాడి పారేసే ఆల్కలైన్ సెల్లు ఒక జత వేస్తే 40 గంటల దాకా ఆడుకోవచ్చని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. ఆల్కలైన్ సెల్ కెపాసిటీని 2500 ఎంఏహెచ్‌గా లెక్కేస్తే కంట్రోలర్ సగటున 60 మిల్లీఆంపియర్లకు కాస్త పైన లాగుతోందన్నమాట. 2000 ఎంఏహెచ్ రీచార్జబుల్ జత వేస్తే 30 గంటలు దగ్గరదగ్గరగా రావాలి. వైబ్రేషన్ ఎక్కువుండే ఆటలైతే ఇంకాస్త తగ్గుతుంది. రోజుకు రెండు గంటలు ఆడేవారికి ఇది రెండు వారాల సరుకు. 2500 సెల్లు వేస్తే మరో మూడు నాలుగు రోజులు కలిసొస్తాయి, అంతే. ఇంకో జత చార్జ్ చేసి పక్కన పెట్టుకుంటే ఆ తేడా కూడా గుర్తుకు రాదు.

ఆల్కలైన్‌ది 1.5 వోల్టులు, రీచార్జబుల్‌ది 1.2 వోల్టులు కదా, పవర్ చాలదేమో అన్న అనుమానం చాలామందికి ఉంటుంది. ఆ 1.5 కొత్త సెల్‌లో మాత్రమే కనిపించే అంకె. వాడుతున్నకొద్దీ అది మెట్లు దిగుతూ ఒక వోల్టు దాకా వస్తుంది. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ మాత్రం చార్జ్ ఖర్చయ్యే కాలంలో ఎక్కువ భాగం 1.2 దగ్గరే నిలకడగా ఉండి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. పైగా దాని అంతర్నిరోధం, అంటే కరెంటుకు లోపల ఎదురయ్యే అడ్డు, తక్కువ. వైబ్రేషన్ మోటార్లు ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు ఆల్కలైన్ కంటే ఇదే బాగా తట్టుకుంటుంది.

ఇబ్బందల్లా మీటర్‌తోనే. కంట్రోలర్ వోల్టేజీని చూసి సెల్‌లో ఎంత మిగిలిందో ఊహిస్తుంది. వోల్టేజీ కదలకపోతే ఆ ఊహ తప్పుతుంది. అందుకే విండోస్‌లో ఆటలు కంట్రోలర్‌తో మాట్లాడే ఎక్స్‌ఇన్‌పుట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆల్కలైన్‌కూ నికెల్ మెటల్ హైడ్రైడ్‌కూ వేర్వేరు గుర్తులు పెట్టారు. అయినా అది చూపించేది నాలుగు మెట్లే: ఖాళీ, తక్కువ, మధ్యస్థం, నిండు. 'తక్కువ' అని వచ్చాక ఆటలో ఇంకో లెవెల్ మొదలుపెట్టకపోవడం మంచిది.

అసలు విషయం ఇప్పుడొస్తుంది. కంట్రోలర్ ఆడే సమయం కంటే పడుకునే సమయమే ఎక్కువ. పరీక్షలొస్తే నెలల తరబడి సొరుగులోనే ఉంటుంది. ఆ నెలల్లో సెల్‌లో ఏం జరుగుతుంది?

నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్‌లో ఒక ధ్రువం నికెల్ సమ్మేళనం, రెండోది హైడ్రోజన్‌ను తనలో దాచుకునే మిశ్రలోహం. 1960ల చివర్లో నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ పరిశోధనశాలలో లాంథనం, నికెల్ కలిసిన ఒక మిశ్రలోహానికి ఈ గుణం ఉన్నట్టు తేలింది. ద్రవ హైడ్రోజన్‌లోకన్నా దట్టంగా హైడ్రోజన్ పరమాణువులు అందులో ఇమిడిపోతాయి. ఆ సంగతి బ్యాటరీగా బజారుకొచ్చేసరికి 1989 అయింది. అంతకుముందు రీచార్జబుల్ సెల్లలో ఉండే విషపూరితమైన కాడ్మియం బెడద పోయింది, కెపాసిటీ పెరిగింది. కానీ ఒక లోపం ఉండిపోయింది. చార్జ్ చేసి పక్కన పెట్టినా, మట్టికుండ చెమర్చినట్టు, శక్తి దానంతటదే కారిపోయేది. నెలకు ఐదో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ.

దీనికి కారణం ఒక్కటి కాదు. చార్జ్ అయిన నికెల్ ధ్రువం కుదురుగా ఉండదు, మెల్లగా ఆక్సిజన్ వదులుతూ తన చార్జ్ పోగొట్టుకుంటుంది. మిశ్రలోహం లోంచి తప్పించుకున్న హైడ్రోజన్ అవతలి ధ్రువానికి చేరి అక్కడి చార్జ్‌ను తినేస్తుంది. రెండు ధ్రువాల మధ్య అడ్డుగా వేసే పొర నైలాన్ జాతిదైతే మరో తంటా. అది క్రమంగా విచ్ఛిన్నమై నత్రజని సమ్మేళనాలు పుడతాయి. అవి ఒక ధ్రువం దగ్గర ఎలక్ట్రాన్లు తీసుకుని రెండో ధ్రువం దగ్గర ఇచ్చేసి మళ్లీ వెనక్కి వస్తుంటాయి. బయట సర్క్యూట్ లేకుండానే లోపల దొంగదారి ఏర్పడినట్టే. వేడి పెరిగితే ఈ మూడూ వేగం పుంజుకుంటాయి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో సొరుగులో ఉన్న పాతరకం సెల్ ఎంత త్వరగా ఖాళీ అవుతుందో ఊహించవచ్చు.

2005 నవంబరులో జపాన్ కంపెనీ శాన్యో 'ఎనెలూప్' పేరుతో విడుదల చేసిన సెల్ ఈ కథను మార్చింది. మిశ్రలోహాన్ని మార్చారు, నికెల్ ధ్రువాన్ని కుదుటపరిచారు. ఇలాంటి సెల్లలో నైలాన్ బదులు ప్రత్యేకంగా శుద్ధి చేసిన పాలీప్రొపిలీన్ పొర వాడతారు. తర్వాత శాన్యో పానసోనిక్‌లో కలిసిపోయింది, ఎనెలూప్ మాత్రం నిలిచింది. పదేళ్లు పక్కన పెట్టినా 70 శాతం చార్జ్ ఉంటుందని కంపెనీ చెప్పుకుంటుంది. ఇప్పుడు వేరే కంపెనీలూ ఇదే తరహా సెల్లు అమ్ముతున్నాయి. ప్యాకెట్ మీద 'ప్రీచార్జ్‌డ్' అనో 'రెడీ టు యూజ్' అనో ఉంటే సాధారణంగా ఈ రకమే.

ఇందులోనే మరో కిటుకుంది. మామూలు ఎనెలూప్ 2000 ఎంఏహెచ్, కంపెనీ లెక్క ప్రకారం 2100 సార్లు చార్జ్ చేయొచ్చు. ఎనెలూప్ ప్రో 2500 ఎంఏహెచ్, చార్జింగ్‌లు మాత్రం 500. డబ్బా సైజు మారదు కాబట్టి ఎక్కువ సరుకు కూరాలంటే మధ్య పొరను పల్చన చేయాలి, ఖాళీని తగ్గించాలి. దాంతో ఆయుష్షు తరుగుతుంది. కంట్రోలర్‌కైతే నా ఓటు 2000కే. ఎక్కువ డబ్బిచ్చి తక్కువ ఆయుష్షు కొనుక్కోవడం ఎందుకు?

ఈ మధ్య 1.5 వోల్టుల లిథియం రీచార్జబుల్ సెల్లు కూడా వస్తున్నాయి. లోపల 3.7 వోల్టుల లిథియం అయాన్ సెల్, దాన్ని 1.5కి దించే చిన్న సర్క్యూట్ ఉంటాయి. వీటి మీద '3000' అని కనిపిస్తే అది తరచూ ఎంఏహెచ్ కాదు, దాన్ని వోల్టేజీతో గుణిస్తే వచ్చే మిల్లీవాట్ అవర్ల లెక్క. 1.5తో భాగిస్తే 2000 ఎంఏహెచ్. 2000 ఎంఏహెచ్ నికెల్ సెల్‌లో 2400 మిల్లీవాట్ అవర్లుంటాయి, కాబట్టి లాభం పావు వంతే. వోల్టేజీ చివరిదాకా 1.5 దగ్గరే నిలుస్తుంది గనక మీటర్ నిండుగా చూపిస్తూనే కంట్రోలర్ ఠక్కున ఆగిపోవచ్చు. వీటికి సొంత చార్జింగ్ పద్ధతి కావాలి. నికెల్ సెల్ల చార్జర్‌లో పెట్టకూడదు. అచ్చం ఇదే సైజులో 14500 అనే ఉత్త లిథియం సెల్లూ దొరుకుతాయి. అవి రెండు కలిస్తే నిండు చార్జ్‌లో 8.4 వోల్టులు. మూడు వోల్టుల కంట్రోలర్‌లో పొరపాటున కూడా వేయొద్దు.

ఏది కొన్నా జతను విడదీయకండి. కొత్తదీ పాతదీ కలిపితే పాతది ముందే ఖాళీ అవుతుంది. కొత్తది ఇంకా కరెంటు తోస్తూనే ఉంటుంది, దాంతో ఖాళీ సెల్ ధ్రువాలు తిరగబడి పాడవుతుంది. చార్జర్ కూడా ఒక్కో సెల్‌ను విడిగా చూసుకునేదై ఉండాలి. మంచి చార్జర్ సెల్ నిండగానే వోల్టేజీ కొన్ని మిల్లీవోల్టులు తగ్గడం గమనించి ఆపేస్తుంది. టైమర్ మీద నడిచేది సగం నిండిన సెల్‌నూ అన్ని గంటలూ వేయిస్తుంది.

ఇక ఆల్కలైన్ సెల్లు వేసి నెలల తరబడి మరచిపోతే అవి కారి, స్ప్రింగుల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. లోపలి పొటాషియం హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పొటాషియం కార్బొనేట్‌గా మారితే వచ్చేదే ఆ పొడి. అది క్షారం. చేతికి తొడుగు వేసుకుని, కొద్దిగా నిమ్మరసమో వెనిగరో అద్దిన దూదిపుల్లతో తుడవండి. తర్వాత తడి గుడ్డతో మరోసారి తుడిచి, పూర్తిగా ఆరాక సెల్లు వేయండి. స్ప్రింగు మీది పూత పోనంత వరకూ కంట్రోలర్ మళ్లీ పనిచేసే అవకాశం ఉంటుంది.