‘ఙ’ అక్షరమాలలో ఎందుకుంది?

‘వాఙ్మయం’ లాంటి ఒకటి రెండు మాటలు పక్కన పెడితే ‘ఙ’తో ఈరోజు మనకు పనేమీ లేదు. అయినా పలక పట్టిన ప్రతి పిల్లా ‘క ఖ గ ఘ ఙ’ అనాల్సిందే. అక్షరాలు తగ్గించాలన్న వాదన వచ్చినప్పుడల్లా మొదటి వేటు దీని మీదే. అది అక్కడ ఉండడానికి కారణం మాత్రం మన లిపి కంటే పాతది.

వేదం చెవిన పడి నోట నిలవాల్సిన రోజుల్లో ఉచ్చారణ చెడకూడదని శిక్షా, ప్రాతిశాఖ్య (వేదం ఎలా పలకాలో చెప్పే శాస్త్రాలు) పండితులు ధ్వనులను నోట్లో పుట్టే చోటును బట్టి వరుస పెట్టారు. గొంతు దగ్గర క, అంగిలి దగ్గర చ, నాలుక వెనక్కి మడిస్తే ట, పళ్లకు తగిలితే త, పెదవులు కలిస్తే ప. ప్రతి వరుసలోనూ చివరిది ముక్కుతో పలికేది. గొంతు వరుసలో అది ఙ. నమ్మకం లేకపోతే ‘అంకె, పంట, పంతం, పంపు’ అని మెల్లగా పలికి చూడండి, సున్నా దగ్గర నాలుక ఒక్కో మాటకు ఒక్కో చోటికి పోతుంది, ‘పంపు’లో అయితే పెదవులే కలుస్తాయి. ‘అంకె’లో పలికేది ఙ్ అనే. మరి అన్నిటికీ ఒకే సున్నా ఎలా సరిపోతోంది? పక్క అక్షరమే ఎలా పలకాలో చెప్పేస్తుంది కాబట్టి. సున్నా పెట్టడం బద్ధకం కాదు, అదీ ధ్వని తెలిసిన వాళ్ల పనే.

క్రీ.పూ. 3వ శతాబ్దపు అశోకుడి శాసనాల్లో (కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఉన్నాయి) ఈ లెక్క, మన లిపికి మూలమైన బ్రాహ్మి అక్షరాల రూపంలోనే కనిపిస్తుంది. ఒకే చోట పుట్టే ధ్వనులకు కొన్నిచోట్ల రూపాలూ దగ్గరివే: ట అర్ధవృత్తం, ఠ పూర్తి వృత్తం. చ కు ఇంకో చుట్టు చేరిస్తే ఛ. అంతటా ఇలా లేదు, క ఖ లకు పోలికే లేదు. మన ప ఫ, ద ధ ల కింది గీత ఎప్పుడో తర్వాత చేరింది, ఆలోచన మాత్రం ఆ దారిదే.

అన్నిటికంటే నన్ను ఆకట్టుకునేది బాపట్ల జిల్లాలోని భట్టిప్రోలు. 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే అక్కడి బౌద్ధ స్తూపాన్ని తవ్వినప్పుడు దొరికిన రాతి భరిణెల మీద రాత విచిత్రంగా ఉంది. మామూలు బ్రాహ్మిలో ఒట్టి అక్షరాన్ని ‘క’ అని చదవాలి, అకారం అందులోనే ఉంటుంది. భట్టిప్రోలులో ఒట్టి అక్షరం ‘క్’ మాత్రమే. అకారం కావాలంటే గీత పెట్టాలి, దీర్ఘానికి ఇంకో గుర్తు. మన తలకట్టు ఆ గీత నుంచి వచ్చింది కాదు గానీ, చేసే పని మాత్రం అదే. ఆ శాసనాల భాష ప్రాకృతం, దానికి పొల్లుతో పెద్ద అవసరం లేదు. అవసరమంతా హల్లుతో ముగిసే మాటలున్న ద్రావిడ భాషలది. కొన్ని తమిళ బ్రాహ్మి శాసనాల్లోనూ దీనికి దగ్గరి పద్ధతే ఉంది.

ఇంత తెలిసిన లిపి తెలుగు దగ్గరికొచ్చేసరికి తడబడింది. సంస్కృతంలో ఏ, ఓ ఎప్పుడూ దీర్ఘాలే, కాబట్టి బ్రాహ్మిలో హ్రస్వాలకు గుర్తులు లేవు. మనకేమో మెడ వేరు, మేడ వేరు. పాత శాసనాల్లో రెండిటికీ ఒకటే రాత, ఏది ఏదో సందర్భాన్ని బట్టి చదువుకోవాల్సిందే. విడి గుర్తులు చాలా కాలానికి గానీ రాలేదు.

‘చ’ సంగతి ఇప్పటికీ తేలలేదు. చాపలో ‘చా’ పళ్ల దగ్గర పలుకుతాం, చాక్లెట్‌లో అంగిలి దగ్గర. పళ్ల దగ్గర పలికేదానికోసం ‘ౘ’ ఉంది, నిఘంటువుల్లో, వ్యాకరణాల్లో. బడి పుస్తకంలో మాత్రం ‘ఙ’కు దొరికిన చోటు దానికి దొరకలేదు.