అపోహలు - వాస్తవాలు: వీసా మీద ఉన్నవారికి హక్కులు లేవా?

"మేము పౌరులం కాదు కదా సార్, మాకు హక్కులేముంటాయి?" డాలస్‌లో క్రిమినల్ కేసులు చూసే నాకు ఈ మాట విని విని విసుగొచ్చింది. ఎవరో వాట్సాప్‌లో పెడతారు, పదిమంది నమ్ముతారు.

అపోహ: రాజ్యాంగ హక్కులు అమెరికా పౌరులకే.

ఓటు హక్కు వేరు. కానీ ఐదో సవరణ, పద్నాలుగో సవరణలోని న్యాయప్రక్రియ రక్షణ, అంటే చట్టప్రకారం విచారించకుండా శిక్షించకూడదన్న హామీ, "వ్యక్తి"కి ఇచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో లాండ్రీ నడుపుకునే చైనీయుడి కేసులో సుప్రీంకోర్టు 1886లోనే పద్నాలుగో సవరణ విషయంలో ఈ సంగతి తేల్చేసింది.

అపోహ: చిన్న కేసే, ఒప్పుకుని జరిమానా కట్టేస్తే పోతుంది.

అసలు కొంప ముంచేది ఇదే. ఎమ్మెస్ చదివే ఒక కుర్రవాడు దుకాణంలో సెల్ఫ్ చెకౌట్ దగ్గర బియ్యం సంచి స్కాన్ చేసి, 38 డాలర్ల ఫేస్ క్రీము స్కాన్ చేయలేదు. మరిచిపోయాడో, కావాలనే చేశాడో నేను అడగలేదు. సెక్యూరిటీ గార్డు వెనక గదిలో కూర్చోబెట్టి కాగితం ఇస్తే, "తప్పు చేశాను, క్షమించండి" అని రాసి సంతకం పెట్టాడు. గార్డు ప్రభుత్వ ఉద్యోగి కాడు, మౌనంగా ఉండవచ్చు, లాయరును పెట్టుకోవచ్చు అని పోలీసులు చదివే మిరాండా హెచ్చరిక అతను చదవాల్సిన పని లేదు. ఆ కాగితమే సాక్ష్యమైంది.

ఆ తర్వాత పోలీసు టికెట్టు ఇచ్చాడు. టెక్సస్‌లో 100 డాలర్ల లోపు దొంగతనానికి శిక్ష 500 డాలర్ల వరకు జరిమానా మాత్రమే, జైలు ఉండదు. అందుకే ప్రభుత్వం లాయరునూ పెట్టదు. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉంటే ఆ సంగతి క్లయింటుకు లాయరు చెప్పి తీరాలని 2010లో పడియా కేసులో సుప్రీంకోర్టు అంది గానీ, లాయరే లేనివాడికి ఎవరు చెబుతారు? జరిమానా కట్టడమంటే నేరం ఒప్పుకున్నట్టే. "వాదించను" అని రాసినా వలస చట్టం దృష్టిలో అది శిక్ష పడినట్టే లెక్క. మళ్లీ వీసాకు వెళ్తే, ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని ఫారంలో అడుగుతారు. టికెట్టు చేతికి వచ్చిన రోజే లాయరును కలవండి, కట్టేసిన తర్వాత కాదు.

అపోహ: నోరు మూసుకుని కూర్చుంటే మౌనహక్కు వాడుకున్నట్టే.

కాదు. అరెస్టుకు ముందు పోలీసుల ప్రశ్నకు ఊరికే మౌనం వహిస్తే ఆ మౌనాన్నే మీకు వ్యతిరేకంగా వాడవచ్చని 2013లో సాలినాస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. "మౌనంగా ఉండే హక్కు వాడుకుంటున్నాను, లాయరు కావాలి" అని నోటితో చెప్పాలి. అబద్ధం మాత్రం చెప్పకండి, అది ఇంకో కేసు.

మిగతావి గబగబా చెబుతాను. కారు వెతకవచ్చా అని పోలీసు అడిగితే కాదనవచ్చు, కాదనవచ్చని అతను మీకు చెప్పనక్కర్లేదు. ఇంటి తలుపు తట్టినవారి చేతిలో వారంటుంటే కింద జడ్జి సంతకం ఉందేమో చూడండి, మీరు ఒప్పుకోకుండా ఇంట్లోకి రావడానికి వలస అధికారి సంతకం చేసింది చాలదు. అరెస్టయినవారి ఫోను వెతకాలంటే వారంటు కావాలన్న 2014 సుప్రీంకోర్టు తీర్పు విమానాశ్రయంలో దిగేటప్పుడు మిమ్మల్ని కాపాడదు.

ఆ కుర్రవాడి తల్లి గుంటూరు నుంచి ఫోను చేసి, "మావాడు నోరు విప్పకపోతే వాళ్లకు కోపం రాదా అండీ?" అని అడిగింది. వస్తే రానివ్వండమ్మా, కోపం వచ్చినంత మాత్రాన కేసు నిలవదు అన్నాను. అప్పటికే వాడు సంతకం పెట్టేశాడని ఆవిడకు ఎలా చెప్పాలో కాసేపు తోచలేదు.