క్లిప్పులు ఒక్క రోజుకు తీసి మళ్లీ పెట్టేవి కావు

మాఘమాసం, శ్రావణమాసం దగ్గరపడ్డాయంటే పళ్లు సరిచేసే మాలాంటి డాక్టర్లకు తప్పకుండా వినిపించే మాట ఒకటుంది. “ఆదివారం పెళ్లిచూపులు డాక్టరుగారూ, ఆ ఒక్క రోజుకు క్లిప్పులు తీసేయండి. సోమవారం వచ్చి మళ్లీ పెట్టించుకుంటాం.” అడిగేది ఎక్కువగా తల్లులే. పక్కన కూర్చున్న అమ్మాయో అబ్బాయో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నేల చూస్తూ ఉంటారు. ఆ చెయ్యి చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఎత్తుపళ్లని చిన్నప్పటి నుంచి మూసుకున్న నోరు, వాటిని సరిచేయించుకుంటున్న రోజుల్లో కూడా మూసుకునే ఉండాలా?

భయం నాకు అర్థమవుతుంది. ఆ భయానికి “తీసి మళ్లీ పెట్టొచ్చు” అని ధైర్యం చెప్పే పుకారు మీదే నా కోపం. క్లిప్పులంటే ఒక్కో పంటికి అతికించే చిన్న బిళ్లలు (బ్రాకెట్లు), వాటిని కలుపుతూ వెళ్లే తీగ. బ్రాకెట్ అతికించే ముందు పంటి పైపొర ఎనామిల్‌ను ఆమ్లపు జెల్‌తో కాస్త గరుకు చేస్తాం. దానిమీద రెసిన్ అనే జిగురు పూసి, బ్రాకెట్ అమర్చి, నీలికాంతితో గట్టిపరుస్తాం. తీయాలంటే ఒక్కొక్క దాన్నీ ఊడదీసి, పంటిని అంటుకుని మిగిలిన రెసిన్‌ను జాగ్రత్తగా అరగదీయాలి. పైవీ కిందివీ కలిపి ఇలాంటివి ఇరవై దాకా ఉంటాయి. సోమవారం ఇదంతా మొదటి నుంచి, ఖర్చుతో సహా.

అసలు నష్టం అది కూడా కాదు. పన్ను ఎముకలో బిగుసుకుపోయి ఉండదు, చుట్టూ సన్నని నారల పొర ఉంటుంది. తీగ ఎటు నెడితే అటువైపు ఎముక కరుగుతుంది, వెనకవైపు కొత్త ఎముక పడుతుంది. ఇది నెలకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున సాగే పని. అందుకే మొత్తం చికిత్సకు ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. కొత్త చోటికి చేరిన పన్ను అప్పుడే పాతిన గుంజ లాంటిది, చుట్టూ ఇంకా గట్టిపడి ఉండదు. చిగుళ్లలోని నారలు సర్దుకోవడానికి ఏడాది కూడా పట్టవచ్చు. అప్పటిదాకా అవి పంటిని పాత చోటికి లాగుతూనే ఉంటాయి.

పైగా “ఒక్క రోజు” ఒక్క రోజుతో ఆగడం నేను చూడలేదు. పెళ్లిచూపులయ్యాక నిశ్చితార్థం, ఆ వెనకే ఫోటోలు, పెళ్లి. నా దగ్గర చికిత్సలో ఉన్న ఒక అబ్బాయి ఇలాగే, నేను వద్దన్నా వినకుండా, వేరేచోట తీయించుకుని వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి పెళ్లయి నెలలు గడిచాయి. పళ్లు సర్దుకోవడానికి చోటు కోసం పీకిన పళ్ల దగ్గర సగానికి పైగా మూసుకున్న ఖాళీలు మళ్లీ తెరుచుకున్నాయి, ఒకవైపు కోరపన్ను ఆ ఖాళీలోకి ఒరిగిపోయింది. దాదాపు మొదటి నుంచి మొదలుపెట్టాలని చెబితే అతని ముఖం వాడిపోయింది. పక్కన ఉన్న భార్య, “క్లిప్పులున్నాయని చెప్పి ఉంటే మా ఇంట్లో ఎవరూ ఏమీ అనుకునేవాళ్లు కాదు” అంది.

మరి ఏం చేయాలి? సంబంధాలు చూస్తున్నారంటే మొదటి రోజే మాకు చెప్పండి. పంటి రంగులో కలిసిపోయే సిరామిక్ బ్రాకెట్లు ఉన్నాయి, పళ్ల వెనకవైపు అతికించేవీ ఉన్నాయి. ఇప్పటికే లోహపువి ఉంటే, ముందురోజు వచ్చి రంగు రబ్బరు రింగులు మార్పించుకోండి, బూడిదరంగువి వేస్తాం. సిరామిక్ వాటికి వేసే తెల్ల రింగులు పప్పుచారుకు, ఆవకాయకు పసుపెక్కుతాయి. పసుపెక్కేది రింగే, బ్రాకెట్ కాదు, మార్చితే పోతుంది. ముహూర్తం కుదిరిపోయి, తీయక తప్పదనుకుంటే తీస్తాం. కానీ పళ్లు వెనక్కి జరగకుండా పట్టి ఉంచే రిటైనర్ వెంటనే పెట్టుకోవాలి, తిరిగి మొదలుపెట్టే తేదీ ముందే రాసుకోవాలి. ఈ రెండూ లేకుండా తీయమని ఏ డాక్టరునూ బలవంతపెట్టకండి.

అలైనర్లంటే క్లిప్పులకు బదులు పళ్లకు తొడుక్కునే పారదర్శకమైన ప్లాస్టిక్ ట్రేలు, పళ్లు కదిలేకొద్దీ ఒకదాని తర్వాత ఒకటి మార్చుకోవాలి. అవి పెట్టుకున్నవారిలో ఇదే భయం ఇంకో రూపంలో కనిపిస్తుంది. “కనబడవు కదా” అని తీసుకుంటారు. పళ్లమీద అతికించే చిన్న బొడిపెలు దగ్గర నుంచి చూస్తే తెలుస్తాయని ఎవరూ ముందుగా చెప్పరు. రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవలసినవాటిని ఆఫీసులో మీటింగు అని, క్యాంటీన్‌లో అందరి ముందు తీయలేనని ఇంటి దగ్గరే వదిలేస్తారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక అమ్మాయి, “రోజంతా పెట్టుకుంటున్నాను” అని గట్టిగా చెప్పింది. నోరు తెరిస్తే కోరపంటి అంచుకూ అలైనర్‌కూ మధ్య గోరు దూరేంత సందు ఉంది. పళ్లు వెనకబడిపోయాయి, ట్రే ముందుకెళ్లిపోయింది. మెల్లగా అడిగితే, స, శ పలకడం తేడాగా ఉందని, ఫోన్‌లో క్లయింట్లు నవ్వుకుంటారేమోనని తీసేస్తున్నానని చెప్పింది. ఆ తేడా చాలామందికి కొద్ది రోజుల్లోనే సర్దుకుంటుంది. రోజూ కాసేపు వార్తాపత్రిక బిగ్గరగా చదవమన్నాను, పాత ట్రేకు వెనక్కి తీసుకెళ్లి మళ్లీ మొదలుపెట్టాం. భోజనానికి తీసినప్పుడు డబ్బాలోనే పెట్టండి. టిష్యూలో చుట్టిన అలైనర్లు చెత్తబుట్టలోకే పోతాయి.

హాస్టల్ పిల్లలకు ఒక్క మాట. మధ్యాహ్నం తిన్నాక అందరిముందు బ్రష్ చేయడానికి సిగ్గుపడకండి. బ్రాకెట్ చుట్టూ పాచి పేరుకుంటే, క్లిప్పులు తీశాక చూసుకునే పళ్లమీద తెల్లమచ్చలు మిగులుతాయి. అవి ఒక పట్టాన పోవు.

మిగతా అపోహల మీద ఎక్కువ సమయం పెట్టను. పై పన్ను పీకితే కంటిచూపు పోదు, పంటి నరం వేరు, చూపు నరం వేరు. ముప్పై దాటాక పళ్లు కదలవనేది తప్పు, చిగుళ్లూ ఎముకా ఆరోగ్యంగా ఉంటే యాభైలోనూ కదులుతాయి. నొప్పి తీగ బిగించిన మొదటి మూడు నాలుగు రోజులే, చెంపకు ఒరుసుకుంటే మైనం అద్దుకోవచ్చు.

క్లిప్పులు తీయగానే పని అయిపోయిందనుకోవడం మాత్రం కొంచెం పెద్ద పొరపాటే. మొదటి నెలల్లో రిటైనర్ దాదాపు రోజంతా ఉండాలి, ఆ తర్వాత రాత్రిళ్లు. పెళ్లై అత్తవారింటికి వెళ్లే అమ్మాయిలు, పై చదువులకు విదేశాలకు వెళ్లే పిల్లలు దాన్ని చేతిసంచిలోనే పెట్టుకోవాలి.