రెంబ్రాంట్ ముఖం, ఎవరి చేతి పని?

పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ స్వీయచిత్రాల్లో ఏది ఆయన వేసింది, ఏది శిష్యులు వేసింది అన్న తగవు మళ్లీ ముందుకొచ్చింది. 2021 ఆగస్టులో రెంబ్రాంట్ చిత్రాల మీద చివరి మాటగా పేరున్న పండితుడు ఎర్నెస్ట్ వాన్ డి వెటరింగ్ చనిపోయిన నాటి నుంచి ఇది తప్పదనే అనిపిస్తోంది. ఆయన అవునంటే మ్యూజియంలు బొమ్మ కింద పేరు మార్చేవి, కాదంటే వేలంలో ధర పడిపోయేది. ఇప్పుడు ఆ స్థానంలో ఎవరూ లేరు. డబ్బు మాత్రం అలాగే ఉంది. 2020 జులైలో లండన్ సోత్‌బీస్ వేలంలో 1632 నాటి ఒక చిన్న స్వీయచిత్రం దాదాపు 1.45 కోట్ల పౌండ్లకు పోయింది. అదే బొమ్మ శిష్యుడి పని అని తేలి ఉంటే ఆ ధర ఎవరూ పెట్టరు.

లైడెన్‌లో రెంబ్రాంట్ తండ్రి నడిపిన మర, ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలిగిన రోజులు, ఆ తర్వాత దివాలా, ఇవన్నీ చాలామందికి తెలిసినవే. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే 1968కి రావాలి. ఆ ఏడాది నెదర్లాండ్స్‌లో కొందరు పండితులు కలిసి రెంబ్రాంట్ రిసెర్చ్ ప్రాజెక్ట్ మొదలుపెట్టారు. 1935లో కళాచరిత్రకారుడు అబ్రహాం బ్రెడియస్ తయారుచేసిన రెంబ్రాంట్ చిత్రాల జాబితాలో 600కు పైగా చిత్రాలున్నాయి. అందులో తర్వాతి శతాబ్దాల అనుకరణలు బోలెడు చేరి ఉంటాయని, సైన్స్ సాయంతో వాటిని ఏరేస్తే పని అయిపోతుందని వాళ్ల నమ్మకం.

కథ మలుపు తిరిగింది ఇక్కడే. హాంబర్గ్ నిపుణులు బొమ్మలు వేసిన ఓక్ పలకల్లో చెట్టు వలయాలు లెక్కపెట్టి, ఆ చెట్టును సుమారు ఎప్పుడు నరికారో చెప్పారు. కాన్వాసుల నేత చూశారు, రంగుల కింది పూత చూశారు. అనుమానం ఉన్న బొమ్మల్లో చాలా భాగం పదిహేడో శతాబ్దానివే అని తేలింది. ఎక్కువ భాగం రెంబ్రాంట్ వర్క్‌షాప్ నుంచే, అంటే ఆయన శిష్యులను పెట్టుకుని పని చేయించిన చోటి నుంచే వచ్చాయి. అంటే మోసగాళ్ల కోసం వెతుకుతూ వెళ్లినవాళ్లకు శిష్యులు ఎదురయ్యారు. చెక్క వయసు చెబుతుంది గానీ, దాని మీద కుంచె పట్టింది గురువా శిష్యుడా అన్నది చెప్పదు.

ఆ శిష్యులు పనివాళ్లు కూడా. ఒక్కొక్కరు ఏడాదికి 100 గిల్డర్ల (అప్పటి డచ్ నాణేలు) ఫీజు కట్టేవారని, వాళ్ల పనుల అమ్మకం మీద రెంబ్రాంట్‌కు 2,000 పైచిలుకు గిల్డర్లు వచ్చేవని ఆ కాలపు చిత్రకారుడు జోకిమ్ వాన్ సాండ్రార్ట్ రాశాడు. శిష్యుడు వేసింది గురువు పేరుతో అమ్ముకోవడం అప్పటి చిత్రకారుల సంఘం, అంటే గిల్డ్, ఆచారానికి లోబడిందే. గురువు ముఖాన్ని చూసి నకలు తీయడం వాళ్ల చదువులో భాగం. కొనేవాళ్లు పేరున్న చిత్రకారుడి ముఖమూ, ఆయన పనితనమూ ఒకే పలక మీద దొరుకుతాయని అడిగి తీసుకునేవారు. ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ సేకరణలోకి కూడా 1630లలోనే ఒకటి చేరింది. గిరాకీ ఉన్న సరుకు ఒక్క చేతితో తయారు కాదు.

ప్రాజెక్ట్ 1982, 1986, 1989లలో మూడు సంపుటాలు తెచ్చింది. ప్రతి చిత్రానికీ మూడు తరగతుల్లో ఒకటి: ‘ఏ’ అంటే రెంబ్రాంట్‌దే, ‘బి’ అంటే తేల్చలేం, ‘సి’ అంటే కాదు. ‘బి’లో పడ్డవి చాలా తక్కువ. శైలి చూసి అంత కచ్చితంగా తీర్పు చెప్పడం సరికాదని లోపలే వాన్ డి వెటరింగ్ వాదించారు. 1993లో నలుగురు సీనియర్లు, బ్రూయిన్, హాక్, లెవీ, వాన్ థీల్, తప్పుకుంటున్నట్టు కళా పత్రిక బర్లింగ్టన్ మ్యాగజైన్‌కు ఉత్తరం రాశారు. తరగతులు తీసేస్తే స్పష్టత పోతుందన్నది వాళ్ల వైపు మాట.

పగ్గాలు చిన్నవాడైన వాన్ డి వెటరింగ్ చేతికొచ్చాయి. ఆయన కళాచరిత్రకు వచ్చేముందు బొమ్మలు వెయ్యడం నేర్చినవాడు. అందుకేనేమో ఆయన ప్రశ్న వేరుగా ఉండేది: ఈ బొమ్మ ఎలా తయారైంది? ఏ పొర ముందు, ఏ పొర తర్వాత? 2005లో వచ్చిన నాలుగో సంపుటాన్ని పూర్తిగా స్వీయచిత్రాలకే కేటాయించారు.

ఆ ప్రశ్నకున్న బలం హేగ్ ఉదంతంలో కనిపిస్తుంది. మెడకు ఇనుప కవచం కట్టుకున్న యువ రెంబ్రాంట్ బొమ్మలు రెండున్నాయి, ఒకటి హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో, ఇంకోటి న్యూరెంబర్గ్‌లో. 1982 సంపుటి హేగ్‌దాన్ని ‘ఏ’లో పెట్టింది. 1991లో జర్మన్ పండితుడు క్లాస్ గ్రిమ్ అది తలకిందులని, న్యూరెంబర్గ్‌దే అసలు, హేగ్‌ది నకలని వాదించారు. తర్వాత ఇన్‌ఫ్రారెడ్‌లో చూస్తే హేగ్ బొమ్మ రంగుల కింద ముఖం గీతలు జాగ్రత్తగా దించుకున్న ఆనవాలు కనిపించింది. తొలి రోజుల రెంబ్రాంట్ అలా గీసుకుని రంగు వేసేవాడు కాదు. ముందున్న బొమ్మను చూసి నకలు తీసేవాళ్లకే ఆ అవసరం. మౌరిట్స్‌హౌస్ తన సొంత నిధిని తానే నకలుగా ఒప్పుకుంది. ఆ నిజాయతీకి నేను చేతులెత్తి దండం పెడతాను.

ఇంకోటి ఇంకా విచిత్రం. పొడవాటి టోపీ, చెవిపోగులతో రష్యన్ జమీందారులా ఉన్న ఒక బొమ్మను ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. పైపొరలు ఒక్కొక్కటే తీస్తూ పోతే అడుగున 1634 నాటి రెంబ్రాంట్ స్వీయచిత్రం బయటపడింది. అమ్ముడుపోని సరుకును వర్క్‌షాప్‌లోనే ఎవరో వేషం మార్చి ఉంటారన్నది వాన్ డి వెటరింగ్ వివరణ. 2003లో అది సుమారు 70 లక్షల పౌండ్లకు అమ్ముడైంది. ఇంగ్లండ్‌లోని బక్‌లాండ్ ఆబీ అనే పాత భవనంలోని బొమ్మదీ దాదాపు ఇదే దారి. 1968లో పండితుడు హోర్స్ట్ గెర్సన్ శిష్యుడి పనిగా తోసేసిన ఆ 1635 చిత్రాన్ని 2013లో వాన్ డి వెటరింగ్ రెంబ్రాంట్‌దే అన్నారు. మరుసటి ఏడాది కేంబ్రిడ్జ్ దగ్గరి హామిల్టన్ కెర్ ఇన్‌స్టిట్యూట్‌లో పసుపెక్కిన వార్నిష్ తీసి, సంతకం దగ్గరి రంగు పొరలు పరీక్షించాక అనుమానించే కారణం దొరకలేదు.

అయితే 2014లో చివరి సంపుటితో ఆయన ఒక్కరే 70 చిత్రాలను తిరిగి రెంబ్రాంట్ ఖాతాలో వేశారు. ఒక మనిషి మాట మీద అన్ని చిత్రాలా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. కానీ ఆయన ఏ పొర చూసి ఏమన్నారో రాసిపెట్టారు, ఎవరైనా మళ్లీ పరీక్షించవచ్చు. ‘ఏ’, ‘సి’ ముద్రలతో ఆ వీలు తక్కువ.

వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఆ ముఖం రెండు చోట్ల ఉంది. 1659 నాటి చిత్రానికి స్వీయచిత్రం అని పేరు. 1650 నాటిదానికి రెంబ్రాంట్ చిత్రపటం, రెంబ్రాంట్ వర్క్‌షాప్ అని రాశారు. మ్యూజియం కాబట్టి అలా రాయగలిగింది. అమ్మకానికి పెట్టినవాళ్లకు వర్క్‌షాప్ అన్న మాట రాయడం ఇష్టం ఉండదు. ఇప్పుడు ఎవరైనా కొత్త రెంబ్రాంట్ దొరికిందంటే ముందు అడగాల్సింది ఇన్‌ఫ్రారెడ్, ఎక్స్‌రే చిత్రాలు, పలక పరీక్ష. అవి బయటపెట్టేదాకా ఏ పండితుడి పేరు చెప్పినా ఒప్పుకోనక్కర్లేదు.