వడ్రంగి పిట్ట మీద నింద వేయకండి

పార్కుల్లో చెట్ల బాగోగులు చూడటం నా పని. ఎండలు ముదరగానే వాకింగ్‌కి వచ్చేవాళ్లు నన్ను ఆపి చెప్పే మాట ఒకటే: "సార్, ఆ పిట్ట చెట్టును పొడిచి పొడిచి చంపేస్తోంది."

అపోహ: వడ్రంగి పిట్ట పొడిస్తే పచ్చని చెట్టు ఎండిపోతుంది.

వాస్తవం: హైదరాబాద్ కేబీఆర్ పార్కులోనైనా, కాలనీ పార్కులోనైనా మనకు ఎక్కువగా కనిపించేది బంగారు వీపు, ఎర్ర కుచ్చు ఉన్న వడ్రంగి పిట్ట. బెరడు కింద దాక్కున్న చీమలు, పురుగుల కోసం అది పొడుస్తుంది. గూటికి మాత్రం దాదాపు ఎప్పుడూ పుచ్చిన కొమ్మనే వెతుక్కుంటుంది.

ఒకసారి ఇలాంటి చిల్లు చూసే ఒక వేపను కొట్టేద్దామన్నారు. నిచ్చెన వేసుకుని ఎక్కి, కొయ్య సుత్తితో కొట్టి చూశాను. చిల్లు దగ్గర డొల్ల చప్పుడు. మూరెడు కిందికి వచ్చేసరికి గట్టి చప్పుడు. చిల్లుకు పైనే, ఎప్పుడో కొమ్మను సగంలో నరికి వదిలేసిన మోడు ఉంది. వాన నీళ్లు అందులోంచి దిగి లోపల కుళ్లింది. పిట్ట వచ్చింది ఆ తర్వాతే! మొదలు చుట్టూ చూస్తే, వేళ్లకు నీళ్లు అందకుండా సిమెంటు గట్టు. వీటి గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

అపోహ: తొర్రను సిమెంటుతో పూడ్చేయాలి.

వాస్తవం: దయచేసి ఆ పని చేయకండి. చెట్టు గాలికి ఊగుతుంది, సిమెంటు ఊగదు. మధ్యలో పగులు వచ్చి, నీళ్లు నిలిచి కుళ్లు ఇంకా పెరుగుతుంది. పైగా వడ్రంగి పిట్ట వదిలేసిన తొర్రల్లోనే రామచిలుకలు, గోరింకలు, చిన్న గుడ్లగూబలు పిల్లల్ని పెడతాయి. గూడు, గుడ్లు పాడుచేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

ఇంటర్నెట్‌లో కాండం చుట్టూ వరుసగా చిల్లులున్న ఫోటోలు చూసి టెన్షన్ పడకండి. అవి సాప్‌సకర్ అనే అమెరికా వడ్రంగి పిట్ట పని. అది మన దగ్గర లేదు.

నిజంగా భయపడాల్సిన గుర్తులు వేరు: చెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగులు, కాండానికి నిలువు పగులు, కొత్తగా ఒక పక్కకు ఒరగడం, వేళ్ల దగ్గర మట్టి పైకి లేవడం. వీటిలో ఏది కనిపించినా వానాకాలం వచ్చేదాకా ఆగకుండా చెప్పండి.

ఆ వేపను మేం కొట్టలేదు. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగి పుచ్చిన కొమ్మ బరువు తగ్గించాం, గట్టు పగలగొట్టి మట్టి గుల్ల చేశాం.