ఫోర్త్‌లో ఒక వర్డు ఎంత పొడవుండాలి?

వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ముందొచ్చినవాళ్లు ముందు కదులుతారు. కంప్యూటర్ విలువలను ఒకదానిమీద ఒకటి పేర్చుకునే స్టాక్ దీనికి తలకిందులు, ఆఖరున వచ్చిందే మొదట బయటికి పోతుంది. అందుకే తిరుపతి పిల్లలకు, అన్నీ స్టాక్ మీదే నడిచే ఫోర్త్ అనే ప్రోగ్రామింగ్ భాష చూపిస్తే కాసేపు తికమక పడతారు. వాక్యం మాత్రం మన పద్ధతే: ‘2 3 +’ అని రాస్తాం. రెండూ మూడూ కలుపు అన్నట్టు క్రియ చివర్లో వస్తుంది.

మొన్న ఒక కుర్రాడు నలభై లైన్ల వర్డు పట్టుకొచ్చాడు (ఫోర్త్‌లో రొటీన్‌ను, అంటే పేరుపెట్టి పిలిచే ప్రోగ్రాము ముక్కను, వర్డు అంటారు). సగానికొచ్చేసరికి స్టాక్ మీద ఏముందో అతనికీ తెలియలేదు, నాకూ తెలియలేదు. పొట్టిగా రాయమని పెద్దలు ఎందుకన్నారో చెప్పాలంటే వెనక్కి వెళ్లాలి.

చార్లెస్ మూర్ 1960ల్లో ఈ భాషను కట్టుకుంటూ వచ్చాడు. ఐబీఎం 1130 కంప్యూటర్లో ఫైలు పేరుకు అయిదక్షరాలే పట్టేవి కనుక FOURTH స్పెల్లింగులో U రాలిపోయి FORTH అయింది. 1970ల మొదట్లో అరిజోనాలోని కిట్ పీక్‌లో 36 అడుగుల రేడియో టెలిస్కోపును దీనితో నడిపించాడు. ప్రోగ్రామును డిస్కులో 1024 బైట్ల బ్లాకులుగా దాచేవారు. అంటే లైనుకు 64 అక్షరాల చొప్పున 16 లైన్లు, ఒక తెర. వర్డు ఆ తెర దాటితే చదవడమే కష్టం.

తెర ఒక్కటే కారణం కాదు. వేరే భాషల్లో రొటీన్‌ను పిలవాలంటే విలువలు అందించే తతంగం ఉంటుంది. ఇక్కడ అవి అప్పటికే స్టాక్ మీదుంటాయి, కాబట్టి ముక్కలు చేసినా పెద్ద ఖర్చు లేదు. పైగా ఆ విలువలకు పేర్లుండవు. డూప్, స్వాప్, ఓవర్, రాట్ అనే వర్డులతో పైనున్న మూడింటిని తిప్పుకోవచ్చు. నాలుగోదాని కోసం చెయ్యి పెట్టాల్సి వచ్చిందంటే వర్డును విడగొట్టే వేళయిందన్నమాట. 1984లో లియో బ్రోడీ పుస్తకం ‘థింకింగ్ ఫోర్త్’ ఈ విడగొట్టడాన్నే ఫ్యాక్టరింగ్ పేరుతో విస్తారంగా చర్చించింది.

ఫోర్త్ భాషకు వచ్చిన 1994 ప్రమాణంలో విలువలకు పేర్లు పెట్టుకునే లోకల్స్ ఐచ్ఛికంగా చేరాయి. బ్లాకుల స్థానంలో మామూలు ఫైళ్లు వచ్చాయి. దాంతో పొడవుగా రాసేవాళ్లకు ధైర్యం పెరిగింది. అటువైపు వాదనా తీసిపారేయలేం: మరీ చిన్న ముక్కలైతే అర్థం కోసం పది చోట్ల తిరగాలి, ప్రతి ముక్కకూ పేరు వెతకాలి. నేను లైన్లు లెక్కపెట్టను. వర్డు ఏం తీసుకుంటుందో, ఏం మిగులుస్తుందో ఒక్క లైను కామెంటులో రాయగలిగితే చాలు.

కుర్రాడి నలభై లైన్లు తొమ్మిది వర్డులయ్యాయి. రెండింటికి ఎంత ఆలోచించినా పేరు కుదరలేదు. వాటిని మళ్లీ కలిపేశాం.